బండికి తెలుసు, నాకు చెప్పలేదు

"లైటు వచ్చాక ఎన్ని కిలోమీటర్లు నడిపారు మేడమ్?"

సర్వీస్ సెంటర్‌లో నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. రెండు, రెండున్నర ఉంటుందని చెప్పాను. ఆ కుర్రాడు ఫారంలో రాసుకున్నాడు. వారం తర్వాత ఎక్స్‌టెండెడ్ వారంటీ వాళ్ల దగ్గర్నుంచి జవాబొచ్చింది. ఇంజిన్ మరీ వేడెక్కిందని చెప్పే హెచ్చరిక లైటు వెలిగిన తర్వాత కూడా బండి నడిపినందువల్ల జరిగిన నష్టం కాబట్టి వారంటీ వర్తించదట. ఇంజిన్ పై భాగానికి (హెడ్డు) కింద ఉండే సీలు, హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్డు వంగింది, లేత్‌కి పంపి చదును (ఫేసింగ్) చేయించాల్సి వచ్చింది. మొత్తం 41 వేలు నేనే కట్టాను.

డబ్బు సంగతి కొన్నాళ్లకు మరిచిపోయాను కానీ ఆ మాట మాత్రం మనసులోంచి పోలేదు. "లైటు వెలిగిన తర్వాత". అంతకు ముందు జరిగినదానితో ఎవరికీ పని లేనట్టు, అది వెలిగిన క్షణం నుంచి భారమంతా నాదే అయినట్టు. స్టీరింగ్ వెనకుండే ఆ మీటర్ల గురించి నేను అప్పటిదాకా ఏనాడూ ఆలోచించలేదు. ఈ ఏడాదిలో మాత్రం చాలా ఆలోచించాను, చాలామందిని అడిగాను. చివరికి నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. ఇంజిన్ ఎంత వేడెక్కిందో బండికి ప్రతి క్షణం తెలుస్తూనే ఉంటుంది. తెలిసినదాన్ని నడిపేవాళ్లకు చూపించకుండా, చివర్లో ఒక ఎర్ర లైటు వెలిగించి బాధ్యత అప్పగించడం న్యాయం కాదు.

ఘాట్‌లో ఆ రోజు

మే నెల. వినుకొండ నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్తున్నాం. నేను నడుపుతున్నాను, నాన్న పక్క సీట్లో, అమ్మ వెనకాల. మా బండిలో టెంపరేచర్ ముల్లు లేదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఒక నీలం లైటు వెలుగుతుంది, కాసేపటికి ఆరిపోతుంది. ఇంజిన్ మరీ వేడెక్కితే అదే చోట ఎర్రది వెలుగుతుంది. నీలం ఆరిపోయాక ఎర్రది వెలిగే దాకా మధ్యలో ఏ కబురూ ఉండదు.

దోర్నాల దాటి అడవిలో ఎక్కుడు మొదలయ్యాక ఏసీ గాలి వేడిగా రావడం మొదలైంది. "గ్యాస్ అయిపోయినట్టుంది, ఊరెళ్లాక చూపించు" అన్నాడు నాన్న. అద్దాలు దించుకున్నాం. తర్వాత నాలుగైదు నిమిషాలకు, నీటి అలల మీద థర్మామీటరు నిలబెట్టినట్టుండే ఆ బొమ్మ ఎర్రగా వెలిగింది.

"పక్కకు ఆపమ్మా" అన్నాడు నాన్న. సరిగ్గా మలుపులో ఉన్నాం, వెనక బస్సు. ఎక్కడ జాగా ఉందా అని చూస్తుండగానే లైటు ఆరిపోయింది. "ఆరిపోయింది నాన్నా" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకెంత ఊరటగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది. నాన్న నా వైపు చూశాడు, ఏమీ అనలేదు. రెండు కిలోమీటర్లు పోయాక మళ్లీ వెలిగింది. ఈసారి బానెట్ సందుల్లోంచి ఆవిరి కూడా వచ్చింది. ఇంజిన్‌లో తిరుగుతూ దాన్ని చల్లబరిచే కూలెంట్‌కి ఒక తియ్యటి వాసన ఉంటుంది. ఆ వాసన కారు నిండా పట్టింది.

దోర్నాల నుంచి బండి మీద వచ్చిన మెకానిక్ కుర్రాడు, ఇంజిన్ చల్లారే దాకా మూత ముట్టుకోనివ్వలేదు. తర్వాత టార్చి వేసి చూపించాడు. పైపు కలిసేచోట ప్లాస్టిక్ ముక్క నెర్రె ఇచ్చింది, కూలెంట్ అంతా అక్కడి నుంచే పోయింది. మరి లైటు మధ్యలో ఎందుకు ఆరిందని అడిగాను. "నీళ్లుంటే కదక్కా సెన్సారుకి తగలడానికి" అన్నాడు.

అంత చిన్న మాటకు ఎంత అర్థముందో నాకు తర్వాత తెలిసింది. ఆ సెన్సారు తన చుట్టూ ఉన్నదాని వేడి మాత్రమే చెప్పగలదు. కూలెంట్‌లో మునిగి ఉంటే కూలెంట్ వేడి చెబుతుంది. కూలెంట్ పోయి ఉత్త ఆవిరి, గాలి మిగిలితే వాటి వేడి చెబుతుంది. ఇనుము లోపల కాగిపోతున్నా దాని లెక్క తగ్గిపోవచ్చు. లెక్క తగ్గింది కాబట్టి లైటు ఆరింది. నేనేమో ప్రమాదం తప్పిందనుకున్నాను.

1979 మార్చి 28న అమెరికాలో పెన్సిల్వేనియాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఆపరేటర్లకు జరిగింది దాదాపు ఇదే. అక్కడ ఒక వాల్వు తెరుచుకుని, మళ్లీ మూసుకోకుండా ఇరుక్కుపోయింది. ప్యానెల్ మీద దాని లైటు మాత్రం ఆరిపోయింది. ఎందుకంటే ఆ లైటు వాల్వు మూసుకుందో లేదో చూసేది కాదు, మూసుకొమ్మని ఆదేశం వెళ్లిందో లేదో మాత్రమే చూసేది. వాల్వు మూసుకుందని వాళ్లు నమ్మారు. గంటల తరబడి నీళ్లు బయటికి పోయి, రియాక్టర్ కోర్‌లో కొంత భాగం కరిగిపోయింది. చదువుకున్నవాళ్లు, శిక్షణ పొందినవాళ్లు గది నిండా ఉండి కూడా ఆరిన లైటును నమ్మారు. ఘాట్ రోడ్డు మలుపులో నేను నమ్మడంలో అంత పెద్ద తప్పుందా?

ఆటోనగర్ బల్ల మీద

నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఆయనకు తెలిసిన మీటర్ల మెకానిక్ ఒకాయన విజయవాడ ఆటోనగర్‌లో ఉన్నాడు. ఈ మీటర్ల లోపల ఏముంటుందో చూడాలని ఉందంటే, నన్ను అక్కడికి తీసుకెళ్లాడు.

బల్ల మీద ఏదో కారు మీటర్ విప్పి ఉంది. ఆయన రెండు చెంచాలు ముల్లు కిందికి రెండు వైపులా దూర్చి, మెల్లగా పైకి లేపాడు. చిన్న శబ్దంతో ముల్లు ఊడొచ్చింది. దాని వెనక బోర్డు మీద రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దదైన నల్లటి మోటారు ఉంది. దాని మూత తీసి చూపించాడు. రెండు రాగి చుట్టలు, పాల రంగు ప్లాస్టిక్ పళ్ల చక్రాలు, అంతే. ముల్లు తిప్పేది ఈ మోటారు. ముల్లుకు ఒక్కొక్కదానికి ఒకటి చొప్పున ఉంటాయి. పక్కనే ఎనిమిది కాళ్ల చిప్ ఒకటి చూపించి, "తిరిగిన కిలోమీటర్లన్నీ దీంట్లో ఉంటాయమ్మా" అన్నాడు. సెకండ్ హ్యాండ్ బళ్ల వాళ్లు లక్ష కిలోమీటర్లను 50 వేలు చేసేది ఈ చిప్పులోనేనట. అలాంటి పని కోసం తన దగ్గరికి వచ్చేవాళ్లను వెనక్కి పంపేస్తానని గట్టిగా చెప్పాడు.

పాత స్పీడోమీటర్ ఒకటి కూడా తీశాడు. నాకు అదే ఎక్కువ నచ్చింది. గేర్‌బాక్స్ నుంచి ఒక కేబుల్ వచ్చి లోపల అయస్కాంతాన్ని తిప్పుతుంది. అయస్కాంతం చుట్టూ అల్యూమినియం గిన్నె ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి తాకవు. కానీ అయస్కాంతం తిరుగుతుంటే గిన్నెలో కరెంటు సుడులు పుట్టి, గిన్నె కూడా అటువైపే లాగబడుతుంది. వెంట్రుకలాంటి స్ప్రింగు దాన్ని వెనక్కి పడుతుంది. ఆ రెండు బలాలు ఎక్కడ సరిపోతే ముల్లు అక్కడ నిలుస్తుంది. ఓటో షూల్జె అనే జర్మన్ ఇంజనీరు 1902లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఆ శతాబ్దమంతా చాలా కార్లు ఈ సూత్రం మీదే నడిచాయి. మెకానిక్ డ్రిల్లు మెషీన్ తగిలించి కేబుల్ తిప్పితే, ముల్లు వణుకుతూ 40కి, 60కి లేచింది. చక్రమే ముల్లును లాగుతోందని కళ్లకు కట్టినట్టు కనిపించింది.

ఇప్పటి ముల్లుకు చక్రంతో అలాంటి సంబంధం లేదు. చక్రాల దగ్గరి సెన్సార్ల నుంచి వేగం బ్రేకులను చూసుకునే ఏబీఎస్ కంప్యూటర్‌కి చేరుతుంది. అక్కడి నుంచి మెలి తిప్పిన రెండు వైర్ల మీద కబురుగా మీటర్‌కి వస్తుంది. మీటర్‌లోని ప్రోగ్రాం దాన్ని చదివి, ఎంత చూపించాలో నిర్ణయించి, మోటారుకు చెబుతుంది. తాళం తిప్పగానే కొన్ని బళ్లలో ముళ్లన్నీ చివరి దాకా వెళ్లి వెనక్కి వస్తాయి, చూసే ఉంటారు. అందం కోసమనుకునేదాన్ని. సగం అందానికే. కానీ ఆ మోటారుకు తానెక్కడున్నదో తనకు తెలియదు. సున్నా దగ్గరి మేకుకు వెళ్లి ఆనుకుంటేనే లెక్క మొదలవుతుంది.

అంటే ముల్లుకు, నిజానికి మధ్య ఇప్పుడు ఒక మనిషి నిర్ణయం ఉంది. ఏది చూపించాలి, ఎంత చూపించాలి, ఎప్పుడు చూపించాలి అన్నది ఎక్కడో ఆఫీసులో కూర్చుని ఎవరో రాసిపెట్టారు.

ఏ అబద్ధం ఎటు వైపు

మీటరు ఉన్నదున్నట్టు చూపించదన్నది నా అభ్యంతరం కాదు. కొన్ని చోట్ల చూపించకపోవడమే మంచిది.

స్పీడోమీటర్ సంగతే చూడండి. ఫోన్‌లో మ్యాప్ 94 చూపిస్తుంటే మీటర్‌లో 100 ఉంటుంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 39వది దీని గురించే. మీటరు అసలు వేగం కంటే ఎప్పుడూ తక్కువ చూపించకూడదు. ఎక్కువ చూపించవచ్చు, అసలు వేగంలో పదో వంతుకు 4 కలిపినంత దాకా. అంటే నిజంగా 80లో పోతున్నప్పుడు 92 చూపించినా తప్పు లేదు. టైరు అరిగినా, వేరే సైజు వేసినా లెక్క మారుతుంది కాబట్టి, ఆ తేడా జాగ్రత్త వైపే ఉండాలని అలా పెట్టారు. ఇది అబద్ధమే, కానీ మనల్ని నెమ్మదింపజేసే అబద్ధం. దీంతో నాకు పేచీ లేదు.

పెట్రోలు ముల్లు కూడా అంతే. ట్యాంకులో ఒక తేలే బిళ్ల, దానికో చెయ్యి, అంతే ఆ సెన్సారు. మలుపు తిరిగినా, ఎక్కుడు ఎక్కినా పెట్రోలు ఒక పక్కకు ఒరుగుతుంది. ఉన్నదున్నట్టు చూపిస్తే ముల్లు ఊగుతూనే ఉంటుంది. అందుకని కొంతసేపటి సగటు తీసి నెమ్మదిగా కదుపుతారు. అదీ న్యాయమే.

టెంపరేచర్ ముల్లు దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. ముల్లు ఉన్న బళ్లలో కూడా చాలావాటిలో అది మధ్యకు వచ్చి అక్కడే కూర్చుంటుంది. ఇంజిన్ 80 డిగ్రీల దగ్గరున్నా, 100 దాటుతున్నా అదే చోటు. ఆ మధ్య భాగాన్ని కావాలనే కదలకుండా చేస్తారు. హద్దు దాటాక ఒక్కసారిగా పైకి లేస్తుంది. మా బండిలాంటివాటిలో ఆ ముల్లు కూడా తీసేశారు. స్పీడోమీటర్ అబద్ధం నన్ను జాగ్రత్తపరుస్తుంది. ఇది మాత్రం అంతా బాగుందని నన్ను నిద్రపుచ్చుతుంది.

ఆయిల్ లైటు ఇంకొకటి. మెకానిక్కులు అల్లావుద్దీన్ దీపం అంటారే, ఆ బొమ్మ. అది వెలిగితే ఆయిల్ తగ్గిందనుకుంటారు చాలామంది. నిజానికి అది ఆయిల్ ఎంత ఉందో చూడదు, ప్రెషర్ పడిపోయిందా లేదా అన్నది మాత్రమే చూస్తుంది. అది వెలిగే సమయానికి బేరింగుల మధ్య ఆయిల్ పొర ఉందో లేదో చెప్పలేం. వెలిగిన మరుక్షణం ఇంజిన్ ఆపేయాల్సిందే. నాన్న ఇప్పటికీ పొద్దున్నే బానెట్ ఎత్తి, ఆయిల్ గేజీ పుల్ల లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూస్తాడు. నేను అది పాతకాలం అలవాటు అనుకునేదాన్ని.

తమ్ముడి వాదన

మా బాబాయి కొడుకు బెంగళూరులో సరిగ్గా ఈ మీటర్లకే ప్రోగ్రాం రాసే కంపెనీలో పనిచేస్తాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు వాడితో రెండు పూటలు వాదించాను. వాడు చెప్పినవి తేలిగ్గా తీసిపారేసేవి కావు.

"ముల్లు రెండు గీతలు కదిలితే చాలక్కా, జనం షోరూంకి వచ్చేస్తారు. బండికి ఏమీ ఉండదు. ట్రాఫిక్‌లో ఆగితే పెరుగుతుంది, ఫ్యాను తిరిగితే తగ్గుతుంది. అది మామూలే. అయినా వాళ్లకు టెన్షన్" అన్నాడు.

"సరే, నంబరు చూపించాడనుకో. 104 అని ఉంది. నువ్వేం చేస్తావు?" అని అడిగాడు. వెంటనే జవాబు దొరకలేదు. ప్రెషర్ మూత, సగానికి సగం కలిపిన కూలెంట్ సరిగ్గా ఉంటే 104కి ఏమీ కాదు, ఆ కూలెంట్ 125 దగ్గర కూడా మరగదు. నీళ్లు వందకు మరుగుతాయని బడిలో చదువుకున్న మనం వంద దాటగానే భయపడతాం.

మూడోది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. "ఆ రోజు నీకు నంబరున్నా అదే అబద్ధం చెప్పేది కదా. సెన్సారు గాల్లో ఉంటే లైటైనా, నంబరైనా ఒకటే." పైగా కూలెంట్ కొద్దికొద్దిగా కారిపోతున్నన్నాళ్లూ వేడి పెరగదు. బాగా తగ్గాకే పెరుగుతుంది. కాబట్టి వారం ముందే తెలిసిపోయేది అనుకోవడం కుదరదు. ఇక్కడ నా వాదన కొంచెం బలహీనమేనని ఒప్పుకున్నాను.

కానీ ఆ రాత్రి పడుకున్నాక ఏసీ సంగతి గుర్తొచ్చింది. పొద్దున లేవగానే వాణ్ని అడిగాను, ఎర్ర లైటుకు నాలుగైదు నిమిషాల ముందు ఏసీ గాలి ఎందుకు వేడెక్కిందని. వాడు కాసేపు ఆలోచించి, "ఈసీయూ ఏసీ కంప్రెసర్‌ని కట్ చేసుంటుంది అక్కా. ఇంజిన్ మీద బరువు తగ్గించడానికి" అన్నాడు. ఈసీయూ అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్.

అంటే లైటుకు ముందే బండికి తెలిసింది. తెలిసి తన జాగ్రత్త తాను తీసుకుంది. ఫ్యాను గట్టిగా తిప్పి ఉంటుంది, ఏసీ ఆపింది. ఇంత చేసి నాతో ఒక్క ముక్క చెప్పలేదు. మేము గ్యాస్ అయిపోయిందనుకుని అద్దాలు దించుకున్నాం. ఆ నాలుగైదు నిమిషాల్లో మేము రెండు చోట్ల విశాలమైన జాగాలు దాటిపోయాం. ఎర్ర లైటు వెలిగింది మాత్రం ఆపడానికి వీల్లేని మలుపులో.

నంబరు ఉంటే ఏం చేస్తావని వాడు అడిగినదానికి జవాబు నాకు అప్పుడు దొరికింది. 104 అన్న అంకె ఒంటరిగా నాకేమీ చెప్పదు, నిజమే. కానీ నేను రోజూ ఇదే బండి నడుపుతాను. మామూలు రోజున 92 ఉండేది ఈ రోజు 104 ఉంటే, పది నిమిషాల్లో 110 అయితే, అది నాకు అర్థమవుతుంది. అలాగే 118 నుంచి పది సెకన్లలో 85కి పడిపోతే, ఎక్కుడు ఎక్కుతున్న ఇంజిన్ అంత తొందరగా చల్లబడదని కూడా అర్థమవుతుంది. అబద్ధం చెప్పే నంబరు కూడా అది చెప్పే తీరులో పట్టుబడుతుంది. లైటు ఆరిపోతే పట్టుకోవడానికి ఏమీ మిగలదు. ఎంత వంట వచ్చినవాళ్లైనా కుక్కర్ చప్పుడు వినకుండా విజిల్ ఒక్కటే నమ్ముకోరు.

ఒక్క బైటు

ఆ నంబరు తయారు చేయడానికి ఎవరూ కొత్తగా ఖర్చు పెట్టక్కర్లేదు. స్టీరింగ్ కింద మోకాలి దగ్గర పదహారు రంధ్రాల సాకెట్ ఒకటుంటుంది, మెకానిక్కులు స్కానర్ పెట్టేది అక్కడే. దాన్ని సరైన తీరులో అడిగితే కూలెంట్ వేడి ఎంతో ఒక్క బైటులో, అంటే ఒక చిన్న అంకెగా జవాబు వస్తుంది. అందులోంచి 40 తీసేస్తే డిగ్రీలు. 132 వస్తే 92 డిగ్రీలన్నమాట. బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిపే చిన్న పరికరం వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించి పెట్టగానే, ఐదేళ్లుగా నేను నడుపుతున్న బండి మొదటిసారి నాకు తన ఒంటి వేడి చెప్పింది. 89, 90, 91. నాకు సంతోషం కంటే కోపం ఎక్కువ వచ్చింది.

మా బండి మీటర్ మధ్యలో రంగుల స్క్రీన్ ఉంది. మైలేజీ సగటు, ట్రిప్ దూరం, తలుపు సరిగ్గా పడలేదని బొమ్మ, పొదుపుగా నడిపితే పచ్చగా మారే ఆకు, అన్నీ వస్తాయి. అందులో ఇంకో పేజీ పెట్టడానికి కొత్త సెన్సారు వద్దు, కొత్త వైరు వద్దు. చూడాలనుకున్నవాళ్లు బటన్ నొక్కి చూస్తారు, వద్దనుకున్నవాళ్లకు కనిపించనే కనిపించదు. పోనీ నంబరు కూడా వద్దు, "ఇంజిన్ వేడి వల్ల ఏసీ ఆపాను" అని ఒక్క లైను వేసినా చాలు. నేను ఆ విశాలమైన జాగాలో ఆపి ఉండేదాన్ని.

డ్రైవర్‌ని కంగారు పెట్టకూడదన్న వాదనలో కూడా నాకు ఒక సందేహం ఉంది. 2019 జులై 1 నుంచి మన దేశంలో తయారయ్యే కార్లలో 80 దాటితే బీప్ వస్తుంది, 120 దాటితే ఆగకుండా మోగుతుంది. బెల్టు పెట్టుకోకపోయినా అంతే. ప్రాణాల కోసం డ్రైవర్‌ని విసిగించినా ఫర్వాలేదని అందరూ ఒప్పుకున్నారు, అది మంచి పనే. మరి అడవి మధ్య ఘాట్ రోడ్డులో, ముసలివాళ్లు లోపల కూర్చుని ఉండగా బండి ఆగిపోకుండా చూడటం ఆ లెక్కలోకి రాదా?

నాన్న నడిపిన బస్సుల్లో బ్రేకు గాలికి ఒక గేజీ ఉండేది. గాలి ఎక్కే దాకా బండి కదిపేవాడు కాదు. దిగుడులో బ్రేకు తొక్కిన ప్రతిసారీ ముల్లు ఎంత పడుతోంది, ఎంతసేపటికి లేస్తోంది అని చూసుకునేవాడట. గాలి తగ్గితే మోగే బజరు కూడా ఉండేది. "బజరు మోగే దాకా ఆగేవాడు డ్రైవరెట్లా అవుతాడమ్మా" అన్నాడు ఒకసారి. ఆయన చేతిలో 50 మంది ప్రాణాలు పెట్టిన సంస్థ ఆయనకు ముల్లు కూడా ఇచ్చింది. నా చేతిలో బాధ్యత పెట్టినవాళ్లు నాకు బజరు మాత్రమే ఇచ్చారు. అది మోగాక ఎన్ని కిలోమీటర్లు నడిపారని లెక్క అడిగారు.

మొన్న కార్తీకంలో మళ్లీ శ్రీశైలం వెళ్లాం. మొదట ఫోన్ నా ఎదురుగా పెట్టుకున్నాను. ఊరు దాటేలోపే తెలిసింది, నా కళ్లు మాటిమాటికీ అటే పోతున్నాయి. నంబరు ఉంటే చూపు అటే పోతుందని తమ్ముడు కూడా అన్నాడు, అదీ నిజమే. అందుకని తీసి నాన్న చేతికిచ్చాను. దోర్నాల దాటాక ఆయన ప్రతి మలుపుకూ పైకి చదివాడు. తొంభై నాలుగు. తొంభై ఏడు. నూట ఒకటి. ఫ్యాను తిరిగిన చప్పుడు వినపడి, కాసేపటికి తొంభై ఆరు. పైకి చేరాక డ్యాష్‌బోర్డ్ అర తెరిచి, పెట్రోలు లెక్కలు రాసే తన చిన్న పుస్తకం తీశాడు. తారీఖు వేసి, "దోర్నాల ఎక్కుడు, 101" అని రాసి, పక్కన మళ్లీ "ఏసీతో" అని చేర్చాడు.